తలకి దెబ్బ తగిలిన పిల్లాడికి సీటీ స్కాన్ తీయకుండా ఇంటికి పంపారు. కరెక్టేనా?

బుజ్జిగాడినాన్న | రాత్రి 11:52

అందరికీ నమస్కారం. మా వాడికి 14 నెలలు. సాయంత్రం ఐదున్నరకి మంచం మీంచి దొర్లి కింద పడ్డాడు. మంచం ఎత్తు రెండడుగులు ఉంటుందేమో, కింద గచ్చు. పడగానే గుక్క తిప్పుకోకుండా ఏడ్చాడు, స్పృహ తప్పలేదు. ఎడమ చెవి పైన బొప్పి కట్టింది, సగం నిమ్మకాయంత. దారిలో ఒకసారి కక్కాడు.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ కళ్లలో లైటు వేసి చూశారు. బొప్పి చుట్టూ వేళ్లతో చాలాసేపు తడిమారు. "ఇప్పుడే సీటీ వద్దు, నాలుగైదు గంటలు ఇక్కడే ఉంచి చూద్దాం" అన్నారు. గంటకోసారి నర్సు వచ్చి చూసి వెళ్లింది. వీడు పాలు తాగాడు, నా కళ్లజోడు లాక్కున్నాడు, పక్క బెడ్ మీద పాపని చూసి నవ్వాడు. పదిన్నరకి చేతిలో ఒక కాగితం పెట్టి ఇంటికి పంపారు.

వాడు హాయిగా నిద్రపోతున్నాడు. నాకే నిద్ర లేదు. పది నిమిషాలకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నా. మిషన్ పక్క గదిలోనే ఉంది, రెండు నిమిషాల పని. తీసేస్తే ఈ టెన్షన్ ఉండేది కాదు కదా? నిజంగానే అక్కర్లేదా, లేక మమ్మల్ని తేలిగ్గా తీసుకున్నారా?

నిజంచెప్పు | రాత్రి 12:04

బ్రదర్, నేనైతే తీయించకుండా అక్కణ్ణుంచి కదిలేవాణ్ణి కాదు.

మా అక్క కొడుకు, ఐదేళ్లవాడు, మెట్ల మీంచి పడ్డాడు. "ఏం కాదు" అని అరగంటలో పంపేశారు. రాత్రంతా తలనొప్పి అని ఏడుపు, తెల్లారి లేపితే లేవడం లేదు. ఇంకో ఆసుపత్రికి పరిగెత్తి సీటీ తీయిస్తే పుర్రెకీ మెదడు పొరకీ మధ్య రక్తం గూడు కట్టి ఉంది. ఆపరేషన్ చేశారు, పిల్లాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ ఆ మొదటి అరగంట గుర్తొస్తే మా అక్క ఇప్పటికీ లేచి వేరే గదిలోకి వెళ్లిపోతుంది.

రాత్రిడ్యూటీ | రాత్రి 12:31

పిల్లల ఎమర్జెన్సీలో డాక్టర్ని. మీ వాణ్ణి నేను చూడలేదు, చూసినావిడ మాటే చెల్లుతుంది. ఇక్కడ మేం రాసేవి చదివి ఎవరూ నిర్ణయాలు తీసుకోకండి. అయితే ఆవిడ మనసులో ఏ లెక్క నడిచి ఉంటుందో చెప్పగలను.

2009లో పెకార్న్ అనే పరిశోధక బృందం ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. ఉత్తర అమెరికాలో 25 ఎమర్జెన్సీ విభాగాలు, తలకి దెబ్బ తగిలినా మెలకువగా ఉన్న 42,412 మంది పిల్లలు. వాళ్లలో మూడో వంతుకి పైగా పిల్లలకి సీటీ తీశారు. పట్టించుకోవాల్సిన స్థాయిలో మెదడు గాయం తేలింది మాత్రం 376 మందికి. అంటే ప్రాణం పోవడమో, ఆపరేషనో, ఒక రోజుకు మించి గొట్టంతో శ్వాస ఇవ్వడమో, గాయం వల్ల కనీసం రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉండాల్సి రావడమో. తల ఆపరేషన్ దాకా వెళ్లింది 60 మంది.

రెండేళ్ల లోపు పిల్లల్లో వాళ్లు చూడమన్నవి ఆరు. మొదటి రెండూ గట్టివి: పిల్లాడి తెలివిలో తేడా (మగతగా ఉండటం లాంటివి), చేతికి తగిలే పుర్రె విరుగుడు. వీటిలో ఏది ఉన్నా గాయం ఉండే అవకాశం 4 శాతం దాటుతుంది, వెంటనే సీటీకి పంపిస్తాం. తర్వాతివి నాలుగు: నుదుటి మీద కాకుండా వేరే చోట బొప్పి, 5 సెకన్లో అంతకంటే ఎక్కువో స్పృహ తప్పడం, మూడడుగులకు మించిన ఎత్తు నుంచి పడటం లాంటి పెద్ద దెబ్బ, "మా వాడు ఎప్పట్లా లేడు" అని తల్లిదండ్రులు చెప్పడం. వీటిలో ఏదైనా ఉంటే అవకాశం 0.9 శాతం. అప్పుడు సీటీ తీయొచ్చు, కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండొచ్చు. ఆరింటిలో ఏదీ లేకపోతే 0.02 శాతం కన్నా తక్కువ.

మీ వాడికి ఉన్నది ఒక్కటే, బొప్పి చెవి పైన ఉండటం. అక్కడి ఎముక నుదుటి ఎముకంత మందంగా ఉండదు. ఆవిడ చాలాసేపు తడిమింది అందుకే, కింద మెట్టులా ఏమైనా తగులుతుందేమో అని. ఇక వాంతి రెండేళ్లు దాటిన వాళ్ల జాబితాలో ఉంది గానీ మీ వాడి వయసు జాబితాలో లేదు. ఈ వయసు వాళ్లు ఏడ్చి ఏడ్చి కూడా కక్కేస్తారు.

"ఎప్పట్లాగే ఉన్నాడా" అని మిమ్మల్ని ఒకటికి రెండుసార్లు అడిగే ఉంటారు.

బుజ్జిగాడినాన్న | రాత్రి 12:38

మూడుసార్లు అడిగారండీ! మూడోసారి విసుగొచ్చి "అది మీరు కదా చెప్పాల్సింది" అనేశాను. ఇప్పుడు సిగ్గేస్తోంది. ఇంతకీ పడుకోనివ్వొచ్చా, లేపుతూ ఉండాలా?

రాత్రిడ్యూటీ | రాత్రి 12:45

అంటే అన్నారు లెండి, మాకు రోజూ అలవాటే. పడుకోనివ్వండి, ఇది వాడు రోజూ పడుకునే వేళే. లేపి చూడమని కాగితంలో రాసి ఉంటే అలాగే చేయండి. లేపితే ముఖం చిట్లించి ఏడవాలి, చేతులు రెండూ కదపాలి. లేపినా లేవకపోయినా, మళ్లీ మళ్లీ కక్కినా, ఫిట్స్ వచ్చినా, ఒక చేయో కాలో వాడకపోయినా, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలా కారినా వెంటనే బయల్దేరండి, ఇక్కడ పోస్ట్ పెడుతూ కూర్చోవద్దు.

లెక్కలమాస్టారు | ఉదయం 6:10

రేడియేషన్ సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. దాని మోతాదుని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. నేల నుంచి, ఆకాశం నుంచి, పీల్చే గాలి నుంచి మనిషికి సహజంగా తగిలేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. ఛాతీ ఎక్స్‌రే ఒకటి సుమారు 0.02, అంటే మూడు రోజుల వాటా. పిల్లల తల సీటీ సుమారు 2, అంటే ఇంచుమించు ఏడాది వాటా ఒక్క నిమిషంలో. ఎక్స్‌రేని, సీటీని ఒకే గాట కట్టి భయపడేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

2012లో వైద్య పత్రిక లాన్సెట్‌లో బ్రిటన్ అధ్యయనం ఒకటి వచ్చింది. పదేళ్ల లోపు పిల్లల్లో 10,000 తల సీటీలు తీస్తే, ఆ తర్వాతి పదేళ్లలో అదనంగా ఒక రక్త క్యాన్సర్, ఒక మెదడు కణితి వచ్చే అవకాశం ఉందని వాళ్ల అంచనా. 2023లో యూరప్‌లోని 9 దేశాల నుంచి దాదాపు 9.5 లక్షల మందిని చూసిన అధ్యయనం కూడా ఇదే స్థాయిలో చెప్పింది. సీటీ తీసిన 10,000 మంది పిల్లల్లో తర్వాతి 12 ఏళ్లలో ఒకటో రెండో అదనపు రక్త క్యాన్సర్లు. చిన్న సంఖ్యే, కానీ సున్నా కాదు.

నిజంచెప్పు | ఉదయం 7:22

మాస్టారూ, నేను లెక్కల్లో పూర్. కానీ ఇది నాకూ తెలుస్తోంది. మీ క్యాన్సర్ 10,000లో ఒకరికో ఇద్దరికో. డాక్టరు గారి 0.9 శాతం అంటే 10,000లో 90 మంది. ఒకరెక్కువా, తొంభై ఎక్కువా? ఈ లెక్కన అందరికీ తీసేయాలి కదా?

రాత్రిడ్యూటీ | ఉదయం 8:40

డ్యూటీ దిగి ఇప్పుడే ఇల్లు చేరాను. మంచి ప్రశ్న వేశారు, ఇది చాలామంది జూనియర్లు కూడా అడగరు.

ఆ 0.9 మధ్య గుంపుది. ఆ గుంపులో సీటీ తీసిన డాక్టర్ని నేనెప్పుడూ తప్పు పట్టను. మూడు నెలల లోపు పసికందయినా, జాబితాలోవి రెండు మూడు కలిసి వచ్చినా, చూస్తుండగానే బిడ్డ పరిస్థితి మారినా నేనూ తీయిస్తాను. కానీ "ఉంచి చూద్దాం" అంటే ఆ 90 మందిని వదిలేయడం కాదండీ. గాయం ఉన్నవాళ్లలో ఎక్కువమంది గంటలు గడిచేకొద్దీ ఏదో ఒకటి చూపిస్తారు. మగతగా అవుతారు, కక్కుతూనే ఉంటారు, చిరాకు పెరుగుతుంది. అప్పుడు వాళ్లకి తీస్తాం. మిగతా 9,910 మందిలో చాలామందికి మిషన్ ఎక్కే పని తప్పుతుంది.

ఇక ఏ లక్షణమూ లేని మూడో గుంపు చూడండి. అక్కడ గాయం 10,000లో ఇద్దరి కన్నా తక్కువ. మాస్టారు చెప్పిన సంఖ్య పక్కన పెట్టుకోండి, రెండూ దాదాపు ఒకే ఎత్తుకి వచ్చేశాయి. అక్కడ తీసే సీటీ తల్లిదండ్రుల నిద్ర కోసమే, బిడ్డ కోసం కాదు.

మీ అక్క గారి అబ్బాయి విషయం వేరు. ఎంత ఎత్తు నుంచి పడ్డాడో నాకు తెలియదు. అయిదేళ్ల పిల్లలకి అయిదడుగులు దాటితే పెద్ద దెబ్బ కిందే లెక్క. ఏదైనా అరగంటలో పంపడాన్ని ఉంచి చూడటం అనరు. మీ కోపం న్యాయమైనదే.

నిజంచెప్పు | ఉదయం 9:15

సరే, ఒప్పుకుంటా. కానీ ఇంకో మాట. కారిడార్‌లో బెంచీ మీద కూర్చోబెట్టి, నాలుగు గంటలూ ఎవరూ తొంగి చూడకపోతే? పేపర్లో మాత్రం "అబ్జర్వేషన్" అని రాస్తారు.

రాత్రిడ్యూటీ | ఉదయం 9:21

దానికి నా దగ్గర సమాధానం లేదు. చూసేవాళ్లు లేనప్పుడు, ఇల్లు గంటల ప్రయాణం దూరంలో ఉన్నప్పుడు, తేడా వస్తే వెంటనే తిరిగి రాలేనప్పుడు నేనే ముందుగా సీటీ వైపు మొగ్గుతాను. సూత్రాలు తయారుచేసిన చోట నర్సులు ఉన్నారు, అది మరిచిపోకూడదు.

వెన్నెలమ్మ | ఉదయం 10:02

నాది వేరే కథ. మా అమ్మాయికి తలలో నీరు చేరే జబ్బు, పుట్టిన రెండో నెలలో ఆ నీటిని బయటికి పంపే గొట్టం, అంటే షంట్, వేశారు. ఇప్పుడు తొమ్మిదేళ్లు. తలనొప్పి, వాంతి అంటే మిగతావాళ్లు అజీర్తి అనుకుంటారు, మేము గొట్టం మూసుకుపోయిందేమో అని పరుగెడతాం. నా నోట్‌బుక్‌లో ఇప్పటికి 11 సీటీలు రాసి ఉన్నాయి. తేదీ, ఏ భాగం, ఎందుకు తీశారు, ఏం తేలింది. అందులో నాలుగు నిజంగా ఆమె ప్రాణం కాపాడాయి. రెండు మాత్రం పాత ఫిల్మ్ దొరకక "మళ్లీ ఒకటి తీద్దాం" అని తీసినవి. ఆ రెండూ ఇప్పటికీ నాకు గుచ్చుకుంటాయి.

మా అమ్మాయి తల లోపలి నీటి గదులు మామూలుగానే పెద్దవి. ఆ రోజు స్కాన్‌ని బాగున్న రోజు స్కాన్ పక్కన పెట్టి చూస్తే గానీ ఎవరికీ ఏమీ అర్థం కాదు. అందుకే సీడీ ఒకటి బ్యాగులో, ముఖ్యమైన నాలుగు బొమ్మలు ఫోన్లో ఎప్పుడూ ఉంటాయి. ఈ మధ్య రెండుసార్లు సీటీ బదులు ఫాస్ట్ ఎంఆర్ఐ తీశారు, అయిదు నిమిషాల్లో అయిపోయింది, మత్తు కూడా ఇవ్వలేదు.

సందేహాలరావు | ఉదయం 10:30

ఎంఆర్ఐలో రేడియేషన్ లేదుగా? మరి ఈ గొడవంతా లేకుండా అందరికీ అదే తీసేస్తే సరి.

ఎక్స్‌రే_గది | ఉదయం 11:17

రేడియోగ్రాఫర్ని, 19 ఏళ్ల సర్వీసు. రావు గారూ, రెండేళ్ల పిల్లాణ్ణి సొరంగంలాంటి గొట్టంలో, డ్రిల్లింగ్ మోత మధ్య, అరగంట కదలకుండా పడుకోబెట్టి చూపించండి, మీకు దండం పెడతా. మామూలు ఎంఆర్ఐ అయితే ఆ వయసుకి చాలాసార్లు మత్తు ఇవ్వాల్సిందే. మత్తు కూడా ఊరికే రాదు. మూడేళ్ల లోపు పిల్లలకి మూడు గంటలకు మించి గానీ, పదేపదే గానీ మత్తు ఇచ్చే విషయంలో 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. మేడమ్ చెప్పిన ఫాస్ట్ ఎంఆర్ఐ మంచిదే. కానీ అర్ధరాత్రి అది తీయడానికీ, చూసి చెప్పడానికీ మనుషులుండాలి. సీటీ కొన్ని సెకన్ల పని, పసివాళ్లని పాలు పట్టి దుప్పట్లో బిగించి చుడితే నిద్రలోనే అయిపోతుంది.

అదలా ఉంచండి. ఎక్స్‌రే దగ్గర జరిగేది ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తా. చంటిపిల్లల ఛాతీ ఫిల్మ్‌కి ఏడుపే మాకు సాయం. ఏడ్చి ఏడ్చి గాలి కోసం ఒక్కసారి లోపలికి పీలుస్తారు చూడండి, బటన్ నొక్కాల్సింది ఆ క్షణంలో. తప్పితే ఊపిరితిత్తులు ముడుచుకుని పడి, లేని న్యుమోనియా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇంకోటి, బిడ్డని పట్టుకోవడానికి ఒకరు లోపలికి రావాలి. తల్లి అయితే గర్భమేమైనా ఉందా అని అడుగుతాం. అడిగినందుకు తిట్లు తిన్న రోజులున్నాయి.

శ్రావణమేఘం | మధ్యాహ్నం 12:05

మీరు ఆ మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. పోయిన నెల మా పాపకి పొట్ట ఎక్స్‌రే తీసినప్పుడు కింద అండాశయాల దగ్గర సీసం కవచం వేయలేదు. అడిగితే "ఇప్పుడు వేయట్లేదమ్మా" అన్నారు. మా చిన్నప్పుడు వేసేవాళ్లు! నిర్లక్ష్యం కాదా ఇది?

ఎక్స్‌రే_గది | మధ్యాహ్నం 12:40

కాదమ్మా, నిజంగానే పద్ధతి మారింది. 2019లో అమెరికాలోని వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం ఆ కవచాల వాడకం మానేయమని ప్రకటించింది. పాప కొంచెం కదిలితే కవచం జరిగి, చూడాల్సిన చోటే కప్పేస్తుంది. అప్పుడు ఇంకో ఫిల్మ్ తీయాలి. పైగా మోతాదు తనంతట తానే సర్దుకునే మిషన్లలో సీసం అడ్డం వస్తే, చాలట్లేదనుకుని మిషనే డోసు పెంచేస్తుంది. మీరు చూడాల్సింది కవచం కాదు, పిల్లల సైజుకి తగ్గ సెట్టింగ్ పెట్టారా, అవసరమైన మేరకే పరిధి కుదించారా అన్నది. అలవాటైన తల్లిదండ్రులు అడిగితే ఇప్పటికీ వేసేవాళ్లున్నారు, అది వాళ్ల మనశ్శాంతి కోసం.

శ్రావణమేఘం | మధ్యాహ్నం 1:30

థాంక్స్ అండీ. మా పాపది అపెండిక్స్. కుడి పక్క నొప్పి అంటే డాక్టరు మొదట ఏ మిషన్ దగ్గరికీ పంపలేదు. "ఒంటికాలి మీద గెంతమ్మా" అన్నారు. ఒక్క గెంతుకే పొట్ట పట్టుకుని కూర్చుండిపోయింది. తర్వాత అల్ట్రాసౌండ్ స్కానింగ్ తీస్తే "అపెండిక్స్ కనిపించలేదు" అని రిపోర్టు. కనిపించలేదంటే లేదనే కదా అని మేం సంబరపడ్డాం. ఉంచేసుకున్నారు. మర్నాడు ఉదయం మళ్లీ తీస్తే వాచిన గొట్టం స్పష్టంగా కనిపించిందట. అదే సాయంత్రం ఆపరేషన్. మొదటిసారే సీటీ తీసుంటే రాత్రంతా నొప్పి భరించే పని ఉండేది కాదు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

రాత్రిడ్యూటీ | సాయంత్రం 4:50

ఆ రాత్రి నొప్పికి మందు ఇచ్చి ఉండాల్సింది. స్కాన్ కోసం నొప్పి మందు ఆపడం పాత పద్ధతి.

"కనిపించలేదు" అన్న మాట మా వృత్తిలో చాలా అపార్థాలకి మూలం. అల్ట్రాసౌండ్‌లో మిషన్ కంటే చేయి ముఖ్యం. పొట్ట మీద ఆనించే పరికరంతో (ప్రోబ్) మెల్లగా అదిమి గ్యాస్‌ని పక్కకి నెట్టి, అదిమినా అణగకుండా ఉండి 6 మిల్లీమీటర్లు దాటిన గొట్టం కోసం వెతుకుతారు. గ్యాస్ ఎక్కువున్నా, అది పేగు వెనక దాక్కున్నా దొరకదు. దొరకలేదు అంటే "ఇంకా తేలలేదు" అని, అంతే. కొన్ని గంటలాగి మళ్లీ పరీక్షించి, మళ్లీ స్కాన్ చేస్తే జబ్బు ముదిరేకొద్దీ తేలిగ్గా దొరుకుతుంది. రెండోసారీ తేలకపోతే ఎంఆర్ఐ, అది లేని చోట సీటీ. మీ పాపకి నడిచింది ఆ వరసే.

స్కాన్ కోసం అసలు ఆగకూడనివి కూడా ఉన్నాయి. మగపిల్లాడికి ఉన్నట్టుండి వృషణంలో విపరీతమైన నొప్పి వచ్చిందనుకోండి, మెలి తిరిగి ఉంటే సుమారు 6 గంటల్లో సరిచేస్తేనే దక్కుతుంది. చూడగానే అనుమానం గట్టిగా ఉంటే నేరుగా ఆపరేషన్ థియేటర్‌కే. రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ కోసం క్యూలో నిలబెట్టకూడదు. సిగ్గుపడి "కడుపునొప్పి" అని చెప్పే కుర్రాళ్లు ఎంతమందో.

ఎక్స్‌రే_గది | సాయంత్రం 6:15

ఆగకూడనివి అన్నారు కాబట్టి నాదొకటి. ఏడాదిన్నర పాప, "నాణెం మింగింది" అని తెచ్చారు. ఫిల్మ్ మీద గొంతు కింద గుండ్రంగా తెల్లటి బిళ్ల. అందరూ నాణెమే అన్నారు. పొట్టలోకి దిగుతుందేమో కొన్ని గంటలు చూద్దాం అనుకుంటున్నారు. నాకెందుకో అనుమానం వచ్చి స్క్రీన్ మీద అంచు పెద్దది చేశా. అంచు లోపల ఇంకో సన్నటి వలయం. పక్క నుంచి ఇంకో ఫిల్మ్ తీస్తే అంచున చిన్న మెట్టు. బటన్ బ్యాటరీ! అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చడం మొదలెడుతుంది. పరుగో పరుగు.

ఆ రోజు 0.02 మిల్లీసీవర్ట్‌ల గురించి ఎవరికీ గుర్తు రాలేదు, రాకూడదు కూడా.

రాత్రిడ్యూటీ | సాయంత్రం 6:32

దానికి ఒక్క మాట కలుపుతాను. ఏడాది దాటిన బిడ్డ బ్యాటరీ మింగి 12 గంటలు దాటకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, ఆసుపత్రికి వెళ్లే దారిలో పది నిమిషాలకోసారి 10 మిల్లీలీటర్ల తేనె ఇవ్వమని ఇప్పుడు సలహా ఇస్తున్నారు, ఆరుసార్లకు మించకుండా. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయొద్దు. ఏడాది లోపు వాళ్లకి తేనె వద్దే వద్దు.

సందేహాలరావు | రాత్రి 8:05

ఒక్కటి అడిగి వెళ్లిపోతా. మా మనవడి మోచేతి ఎక్స్‌రే నేనే చూశాను, నాలుగైదు ముక్కలు విడివిడిగా ఉన్నాయి. డాక్టరేమో అవి విరిగినవి కావు అంటాడు!

ఎక్స్‌రే_గది | రాత్రి 8:20

అవి ఇంకా గట్టిపడుతున్న ఎముక మొలకలు రావు గారూ. మోచేతిలో ఆరు ఉంటాయి, సుమారు ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండేళ్లకి వరసగా బయటపడతాయి. మేం ముక్కలకంటే ముందు మోచేతి వెనక కొవ్వు నీడ పైకి లేచిందా అని చూస్తాం. లేస్తే లోపల రక్తం చేరిందని, గీత కనిపించకపోయినా ఎక్కడో విరిగిందని అనుమానిస్తాం.

బుజ్జిగాడినాన్న | మూడో రోజు, ఉదయం 9:40

అందరికీ అప్‌డేట్. నిన్న మళ్లీ చూపించాం. డాక్టరమ్మ బొప్పి నొక్కి చూసి, సగం తగ్గింది అన్నారు. వీడు ఆవిడ స్టెతస్కోపు నోట్లో పెట్టుకున్నాడు. మొన్నటి మాటకి సారీ చెప్పాను, ఆవిడకి గుర్తే లేదు. నిజంచెప్పు బ్రదర్, కాగితంలో ఉన్నవన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించా, మీ మేనల్లుడి సంగతి చదివాకే.

సందేహాలరావు | ఉదయం 9:58

మరి మంచం?

బుజ్జిగాడినాన్న | ఉదయం 10:06

పరుపు నేల మీద వేశాం. మంచం విప్పేసి గోడకి ఆనించాం. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఎక్కడానికి చూస్తున్నాడు.

రాత్రిడ్యూటీ | ఉదయం 10:07

దాన్ని అక్కణ్ణుంచి తీసేయండి. ఇప్పుడే.